రిపోర్టు రాని రోజుల్లో సిక్కు ఏం చేయాలి?

జబ్బు వచ్చినప్పుడు ధైర్యంగా ఎలా ఉండాలో మన పెద్దలు చెప్పారు. చావు వచ్చినప్పుడు ఏం చేయాలో మర్యాద ఉంది. కానీ జబ్బు ఉందో లేదో తెలియని రోజులు కూడా ఉంటాయి. ఒంటి మీది నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు, కాగితం ఇంకా రాలేదు. ఇంట్లో ఏడవడానికీ లేదు, నవ్వడానికీ లేదు. హుకుమ్‌ని ఒప్పుకోమని మనం పిల్లలకు చెబుతాం. ఆ హుకుమ్ ఏమిటో ఇంకా తెలియనప్పుడు దేన్ని ఒప్పుకోవాలి?

ఈ ప్రశ్న నాకు పుస్తకంలో ఎదురవలేదు, మా చాచా జీ కాలి మీద ఎదురైంది. ఆయన ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. "నా పేరు వద్దు. మిగతాదంతా రాయి, మనవాళ్ళకి పనికొస్తుంది" అన్నారు.

పాత మచ్చ మీద కొత్త పుండు

చాచా జీకి అరవై దాటాయి. పద్దెనిమిదో ఏట కొలిమి దగ్గర పని చేస్తుంటే పట్టకారు జారి, ఎర్రగా కాలిన పట్టీ కాలి మీద పడింది. మోకాలి కింది నుంచి చీలమండ దాకా చర్మం లేచిపోయింది. నూనె రాశారు, పసుపు అద్దారు. నెలల తరబడి మంచం మీద ఉండి మళ్ళీ లేచారు. మానిన చోట చర్మం బిగుసుకుపోయి, మెరుస్తూ ఉండేది. పిల్లలం ముట్టుకుంటే నవ్వేవారు. "ఇది నా మొదటి జీతం" అనేవారు.

మన ఇళ్ళలో అలాంటి మచ్చ లేని మగవాళ్ళు ఎంతమంది? ఆడవాళ్ళు కూడా తిత్తి ఊదిన చేతులే, బొగ్గు ఎత్తిన చేతులే.

పోయిన వానాకాలంలో ఆ మచ్చ మధ్యలో చిన్న పగులు వచ్చింది. మందు షాపు నుంచి ఆయింట్‌మెంటు తెచ్చి రాశారు. బస్తీలో డాక్టరు సూదులు వేశాడు. కొంచెం ఆరినట్టు కనబడేది, మళ్ళీ తెరుచుకునేది. ఎనిమిది నెలలు గడిచాయి. అంచు చుట్టూ లావుగా, గట్టిగా లేచింది. ఆయన చెప్పలేదు. పైజామాలు ఉతికేటప్పుడు వాసన పసిగట్టి చాచీ జీ నాతో చెప్పారు.

పెద్ద ఆసుపత్రిలో చర్మం డాక్టరు చాలాసేపు చూశారు. పాత కాలిన మచ్చల్లో ఏళ్ళ తరబడి ఏమీ లేకుండా ఉండి, తరువాత క్యాన్సర్ పుట్టే అవకాశం ఉందని చెప్పారు. దీన్ని మార్జోలిన్ పుండు అంటారు. ఫ్రాన్సు దేశపు వైద్యుడు మార్జోలిన్ 1828లో ఇలాంటి పుండ్ల గురించి రాశాడు, అందుకే ఆ పేరు. కాలిన నాటి నుంచి ఇది బయటపడటానికి సగటున ముప్పై ఏళ్ళ దాకా పడుతుందని డాక్టర్లు చెబుతారు. కాశ్మీరులో చలికి నిప్పుల కుంపటిని, అంటే కాంగ్రీని, బట్టల కింద పెట్టుకునే వాళ్ళకి పొట్ట మీద, తొడల మీద చర్మపు క్యాన్సర్ రావడం వైద్యులకు వంద ఏళ్ళకు పైగా తెలిసిన విషయమే. నల్లని ఒంటికి చర్మపు క్యాన్సర్ రాదని మనలో ఒక నమ్మకం ఉంది. అది తప్పు. తెల్లవాళ్ళకి ఎండ వల్ల ఎక్కువగా వస్తుంది. మనకి అరికాలిలో, అరచేతిలో, గోరు కింద, పాత కాలిన మచ్చలో వస్తుంది.

"ఉందని అనడం లేదు, లేదనీ అనలేను. ముక్క తీసి చూడాలి" అన్నారు డాక్టరు.

"భాణా" అన్న మాట

చాచా జీ ఒప్పుకోలేదు. ఇంటికి వచ్చేశారు. ఆ సాయంత్రం ఆయన నాతో అన్న మాటకి నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది.

"గ్యానీ, నువ్వు చదువుకున్నావు కదా, చెప్పు. గురు అర్జన్ దేవ్ జీ కాలే తవీ మీద కూర్చున్నారు. తలమీద వేడి ఇసుక పోశారు. నీ భాణా నాకు తియ్యగా ఉంది అన్నారు. ఆ గురువుకి సిక్కుని నేను. ఈ పుండుకి భయపడి పరుగెత్తాలా?"

నిప్పుతో యాభై ఏళ్ళు బతికిన మనిషి ఆ మాట అంటే ఎవరు ఎదురు చెప్పగలరు? రెండు రోజులు ఆలోచించాను. తరువాత వెళ్ళి చెప్పింది ఇది.

గురు అర్జన్ దేవ్ జీ 1606లో లాహోరులో ఆ బాధని కోరి తెచ్చుకోలేదు. నిజాన్ని వదలమన్నారు, వదలలేదు, దానికి దొరల చేతిలో పడ్డ శిక్ష అది. తప్పించుకునే దారి ఒక్కటే ఉంది, అది అబద్ధం. ఆ దారిలో వెళ్ళలేదు కనుక తవీ మీద కూర్చున్నారు. చాచా జీ, మీరు ఆసుపత్రికి వెళితే ఏ నిజాన్ని వదులుతున్నారు? ఏ ధర్మం తప్పుతున్నారు? అదే గురు అర్జన్ దేవ్ జీ తరన్ తారన్‌లో కుష్ఠు రోగులకు ఆశ్రయం ఏర్పాటు చేశారని మన చరిత్ర చెబుతుంది. రోగమంతా భాణా, మందు వద్దు అనుకుంటే ఆ ఆశ్రయం ఎందుకు? గురు హర్ రాయ్ జీ కీరత్‌పూర్‌లో మందుమొక్కల తోట ఎందుకు పెంచారు? భాయీ కన్హయ్యా జీకి నీళ్ళతో పాటు గాయాలకి రాసే మందు కూడా ఇచ్చి గురు గోబింద్ సింగ్ జీ ఎందుకు పంపారు?

మరీ దగ్గరి సంగతి చెబుతాను. మనవాళ్ళు ఏటా దర్శనానికి వెళ్ళే నాందేడ్‌లో, గోదావరి ఒడ్డున, 1708లో గురు గోబింద్ సింగ్ జీకి కత్తిపోటు తగిలింది. చక్రవర్తి బహదూర్ షా పంపిన వైద్యుడు ఆ గాయాన్ని కుట్టాడని చరిత్రకారులు రాశారు. గురూ సాహిబ్ వద్దనలేదు. గాయం మానుతూ వచ్చింది. తరువాత ఒక గట్టి విల్లు ఎక్కుపెట్టినప్పుడు కుట్లు తెగాయి. అప్పుడే గురుగద్దీని గురు గ్రంథ్ సాహిబ్ జీకి అప్పగించి జోతీ జోత్ సమాయించారు. చూడండి, ఒకే గాయానికి రెండు నడవడికలు. కుట్టగలిగినంత వరకు కుట్టించుకున్నారు. కుట్టడం కుదరని రోజు వచ్చినప్పుడు ఏ గాభరా లేకుండా ఒప్పుకున్నారు. మొదటిది చేయకుండా రెండోది చేస్తే, మనం హుకుమ్‌ని ఒప్పుకున్నట్టా, మన భయానికి హుకుమ్ అని పేరు పెట్టుకున్నట్టా?

చాచా జీ చాలాసేపు కాలు చూసుకుంటూ కూర్చున్నారు. "భయమే" అన్నారు చివరికి.

కేశాల సంగతి

ఆయన భయంలో ఇంకొకటి కూడా ఉంది, దాన్ని చిన్నది అనుకోకూడదు. కాలి వెంట్రుకలు గొరుగుతారేమోనని. ఒంటి మీది ప్రతి రోమం మనకి గురువు ఇచ్చిన ముద్ర. కాలిన మచ్చ మీద వెంట్రుకలు మొలవవు గానీ, దాని అంచున ఉంటాయి.

పరీక్ష రోజు నర్సు బ్లేడుతో వచ్చింది. నేను డాక్టరు గారికి మన మర్యాద చెప్పాను. ఆయన ఏమాత్రం విసుక్కోలేదు. ఇంత చిన్న ముక్కకి గొరగాల్సిన పనే లేదన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఇచ్చిన సూచనల్లో కూడా ఆపరేషన్‌కి ముందు బ్లేడుతో గొరగడం వద్దనే ఉంది. తప్పనిసరి అయితే క్లిప్పరుతో కత్తిరించమంది. అంటే మనం అడిగేది వైద్యానికి అడ్డం కాదు. అడగకుండా ఇంట్లో కూర్చోవడమే అడ్డం. ముందే చెప్పండి, మర్యాదగా చెప్పండి, తప్పించగలిగింది తప్పించమనండి. ప్రాణం నిలబెట్టడానికి తప్పనిది ఏదైనా ఎదురైతే పంజ్ ప్యారేల దగ్గరికి వెళ్ళి మనసులో మాట చెప్పుకోండి. కేశాల పేరు మీద వైద్యం మానుకుంటే, కేశాలిచ్చిన వాడు ఇచ్చిన దేహాన్నే మనం పారేసినట్టు.

ముక్క తీస్తే జబ్బు ఒళ్ళంతా పాకుతుందని కూడా మా బస్తీలో అన్నారు. అది నిజం కాదు. ముక్క తీయడం వల్ల పాకదు. తీయకుండా వదిలేస్తే, ఉన్న జబ్బు పెరిగి గజ్జల్లో గడ్డల దాకా పాకుతుంది. తొందరగా పట్టుకున్న చర్మపు క్యాన్సర్ చాలాసార్లు కోసి తీసేయడంతోనే నయమవుతుంది.

నేను ఆడిన అబద్ధం

ఇప్పుడు రాయడానికి సిగ్గుపడే భాగానికి వచ్చాను.

పది రోజులకి రిపోర్టు వచ్చింది. ఇంగ్లీషులో ఉంది. ఆ ఇంట్లో ఇంగ్లీషు చదవగలిగింది నేనొక్కణ్ణే. ఆసుపత్రి మెట్ల మీద చాచా జీ పెద్ద కొడుకు, మా వీర్ జీ, నా పక్కన నిలబడ్డారు. రిపోర్టులో ఉన్నది ఇది. పంపిన ముక్కలో క్యాన్సర్ కనబడలేదు. చర్మం పైపొర బాగా మందంగా పెరిగి ఉంది. ముక్క లోతుగా లేదు. పుండు చూస్తే అనుమానంగానే ఉంది కనుక, నాలుగైదు చోట్ల నుంచి లోతుగా మళ్ళీ ముక్కలు తీసి పంపాలి.

ఎందుకు ఇలా అవుతుందో తరువాత డాక్టరు గారు వివరించారు. తీసిన ముక్కని మందులో నానబెట్టి, మైనంలో పోసి గట్టిపరిచి, వెంట్రుక కంటే సన్నని పొరలుగా కోసి, రంగులద్ది సూక్ష్మదర్శినిలో చూస్తారు. అందుకే రోజులు పడుతుంది. ఎప్పటినుంచో మానని పుండులో చర్మం తనకు తానే అడ్డదిడ్డంగా పెరుగుతుంది, అది చూడటానికి క్యాన్సర్ లాగే ఉంటుంది. క్యాన్సర్ ఒక మూల ఉండి, ముక్క ఇంకో మూల నుంచి తీసి ఉండొచ్చు కూడా. కనుక ఒక్క ముక్కతో తేలకపోవడం ఎవరి తప్పూ కాదు.

మెట్ల మీద నాకు ఇదంతా తెలియదు. కానీ కాగితం మీద ఉన్న మాట అర్థమైంది. వీర్ జీ అన్నారు: "కనబడలేదు అని ఉంది కదా. ఏం లేదని చెప్పేయ్. మళ్ళీ కోస్తామంటే ఆయన తట్టుకోలేడు. పది రోజులుగా అన్నం సరిగ్గా తినడం లేదు. ఒక్క నెల పోనీ, నేనే మెల్లగా చెబుతాను."

అది ప్రేమతో అన్న మాటే. నేను తల ఊపాను. ఇంటికి వెళ్ళి "చాచా జీ, బాగానే ఉంది" అన్నాను.

ఆ ఇల్లు ఎలా వెలిగిందో చెప్పలేను. చాచీ జీ ఏడ్చారు. ఆయన ఆ రాత్రి కడుపు నిండా తిన్నారు. పొద్దున్నే గురుద్వారాలో కడాహ్ ప్రసాద్ చేయించారు, బస్తీ అంతా వచ్చింది. శుక్రానా అర్దాస్ చేయమని నన్నే అడిగారు.

గురు గ్రంథ్ సాహిబ్ జీ ముందు నిలబడి చేతులు జోడించాను. నా వెనక అందరూ లేచి నిలబడ్డారు. పది గురువుల పేర్లు తలుచుకున్నాను. షహీదుల దగ్గరికి వచ్చాను. నిజం కోసం రంపాలతో కోయించుకున్న వాళ్ళని తలుస్తున్నాను. ఇంకో నాలుగు మాటల తరువాత నేను చెప్పాల్సింది: నీ సేవకుడి రోగం తొలగించావు, నీకు శుక్రానా. అది అబద్ధమని నాకు తెలుసు, వీర్ జీకి తెలుసు, ఎవరి ముందు నిలబడ్డానో ఆయనకి తెలుసు.

చాచా జీకి చెప్పిన అబద్ధాన్ని ప్రేమ అనుకోగలిగాను. గురువు ముందు చెప్పబోయేదాన్ని అలా అనుకోలేకపోయాను. అప్పుడే అర్థమైంది, రెండూ ఒకటేనని. గురువు ముందు చెప్పలేని మాట మనిషి ముందు కూడా చెప్పకూడదు.

శుక్రానా అనలేదు. "సచ్చే పాద్షాహ్, నీ సేవకుడికి నిజాన్ని తట్టుకునే బలం ఇవ్వు, మాకు నిజం చెప్పే బలం ఇవ్వు, వైద్యుల చేతుల్లో నువ్వు ఉండు, సర్బత్ కా భలా" అని ముగించాను. సంగత్‌కి తేడా తెలియలేదు. చాచా జీకి తెలిసింది. ప్రసాద్ పంచుతుండగా నన్ను జోళ్ళు పెట్టే చోటికి పిలిచారు.

"ఏమైంది?"

అంతా చెప్పాను. "లేదు అనలేదు చాచా జీ, కనబడలేదు అన్నారు. మళ్ళీ లోతుగా చూడాలన్నారు. నేను అబద్ధం చెప్పాను, క్షమించండి."

తిడతారనుకున్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత అడిగారు: "ఎర్రగా ఉన్న ఇనుము ఎంతమందిని కాల్చింది?"

నాకు అర్థం కాలేదు.

"ఎర్రగా ఉంటే అందరూ దూరంగా ఉంటారు. నల్లబడ్డాకే చల్లబడిందనుకుని చెయ్యి వేస్తారు. మా అందరి చేతులూ నల్ల ఇనుము మీదే కాలాయి. ఉందంటే ఉందని చెప్పు, తెలియదంటే తెలియదని చెప్పు. ఇంకెప్పుడూ నల్ల ఇనుముని చల్లారిందని నా చేతికి ఇవ్వకు. మళ్ళీ ఎప్పుడు కోస్తారు?"

సాధ్ సంగత్ జీ, మన ఇళ్ళలో చదువు రాని పెద్దవాళ్ళకి పిల్లలే కళ్ళు. డాక్టరు మాట, బ్యాంకు మాట, ఆఫీసు మాట అన్నీ మన నోటి గుండానే వాళ్ళకి చేరతాయి. మనం మధ్యలో ఒక మాట మారిస్తే వాళ్ళకి ఇంకో దారి లేదు. ఎప్పుడు చెప్పాలో, ఎంత మెత్తగా చెప్పాలో ఆలోచించవచ్చు. ఆయనే "నాకు చెప్పొద్దు, మీరు చూసుకోండి" అంటే అది వేరు. కానీ అడిగిన మనిషికి లేనిది ఉందని, తెలియనిది తెలిసిందని చెప్పే హక్కు మనకి లేదు. ఆయన ఆ నెల కోల్పోయి ఉంటే, ఆ నెలని తిరిగి ఎవరిచ్చేవారు?

తాయెత్తు, మొక్కు, పాపం

తెలియని రోజుల్లో ఇల్లు ఖాళీగా ఉండదు, ఎవరో ఒకరు ఏదో ఒకటి పట్టుకొస్తారు. మా చాచా జీకి ఒకతను తాయెత్తు తెచ్చాడు. ఇంకొకామె ఏ పాపం వల్ల ఇది వచ్చిందో అడిగి తెలుసుకోమంది. 1945లో ఆమోదం పొందిన సిఖ్ రెహత్ మర్యాదలో మంత్రతంత్రాలకీ, తాయెత్తులకీ చోటు లేదని మనకు తెలుసు. అయినా భయంలో చేతులు అటే పోతాయి. కారణం ఒక్కటే. తెలియకపోవడాన్ని మనం భరించలేం. తప్పుడు జవాబైనా సరే, ఏదో ఒక జవాబు కావాలి.

పాపం అనేవాళ్ళకి ఒకే మాట. గురు హర్‌క్రిషన్ జీ 1664లో ఢిల్లీలో మశూచి రోగులకు సేవ చేశారు, అదే మశూచితో ఎనిమిదేళ్ళు నిండకుండానే జోతీ జోత్ సమాయించారు. ఆయనకి ఏ పాపం అంటగడతారు? రోగిని చూసినప్పుడు అతని పాపం లెక్క మన పని కాదు. అతని కాలికి కట్టు కట్టడం మన పని.

మొక్కు గురించి కొంచెం జాగ్రత్తగా చెప్పాలి, ఎందుకంటే అది పైకి భక్తిలా కనబడుతుంది. "రిపోర్టు మంచిగా వస్తే సుఖ్‌మనీ సాహిబ్ పాఠ్ చేయిస్తాను" అంటారు. సుఖ్‌మనీ సాహిబ్ ఎప్పుడు చదివినా మంచిదే. కానీ మంచిగా రాకపోతే చదవరా? అప్పుడే కదా ఎక్కువ కావాలి. మైనంలో ఉన్న ముక్కలో ఉన్నది ఉంది, లేనిది లేదు. దాన్ని మార్చమని బేరం ఆడటం అర్దాస్ కాదు. ఏది వచ్చినా నిలబడే మనిషిగా నన్ను మార్చమని అడగడం అర్దాస్. నయం కావాలని అడగొద్దని నేను అనడం లేదు. బిడ్డ తండ్రిని అడగకపోతే ఎవరిని అడుగుతాడు? అడగండి, షరతు పెట్టకండి.

వేచి ఉండటం కూడా పనే

మొదట అడిగిన ప్రశ్నకి వస్తాను. హుకుమ్ ఏమిటో తెలియనప్పుడు దేన్ని ఒప్పుకోవాలి?

మనం పొరబడేది ఇక్కడే. రిపోర్టు వచ్చిన రోజున హుకుమ్ వస్తుందని, అప్పటిదాకా అది ఎక్కడో దారిలో ఉందని అనుకుంటాం. జప్‌జీ సాహిబ్ మొదట్లోనే గురు నానక్ దేవ్ జీ మనకి నేర్పింది, హుకుమ్ బయట ఏదీ లేదని. అయితే ఈ తెలియని రోజు కూడా హుకుమ్ లోపలే ఉంది. ఇవాళ్టికి నాకు వచ్చిన హుకుమ్ "ఉంది" కాదు, "లేదు" కాదు. ఇవాళ్టి హుకుమ్ "ఇంకా తెలియదు". ఒప్పుకోవాల్సింది దాన్నే. చెడ్డదే వస్తుందని ముందే ఏడిస్తే రాని హుకుమ్‌ని నెత్తిన పెట్టుకున్నట్టు. ఏమీ లేదని పండగ చేసుకుంటే అదీ అంతే. రెండూ నిజానికి ముందు పరుగెత్తడమే.

తెలియదని ఒప్పుకున్నవాడు ఖాళీగా కూర్చోడు. కత్తికి పదును పెట్టేటప్పుడు మన పెద్దలు ఏం చేస్తారో అందరికీ తెలుసు. నీళ్ళలో ముంచి తీసిన ఇనుముని మళ్ళీ సన్న సెగ మీద పెట్టి, గడ్డి రంగు ఎప్పుడు తిరుగుతుందా అని కన్ను తిప్పకుండా చూస్తారు. ముందే తీస్తే కత్తి పెళుసుగా విరుగుతుంది. ఆలస్యమైతే పదును నిలవదు. అక్కడ ఆగడమే పని. సిక్లిగర్‌కి ఆగడం ఎవరూ కొత్తగా నేర్పక్కర్లేదు.

రెండోసారి ముక్కలు తీశాక ఈ రోజుల్లో చాచా జీ ఇలా గడుపుతున్నారు. పొద్దున నిత్‌నేమ్ మానలేదు. కాలు ఎత్తులో పెట్టుకుని, కూర్చుని చేయగలిగిన పని చేస్తున్నారు. తాళంచెవులు అరగదీయడం, కొడవళ్ళకి పిడులు బిగించడం. పుండుకి శుభ్రంగా కట్టు కడుతున్నారు, పొగ, మసి తగలనివ్వడం లేదు. ఎవరికెంత ఇవ్వాలో, ఎవరి దగ్గర ఎంత రావాలో వీర్ జీతో రాయించారు. "చావుకి కాదు, ఎలాగూ రాయాల్సిందే, ఇన్నాళ్ళూ బద్ధకించాను" అన్నారు. ఆధార్, రేషన్ కార్డు, ఆరోగ్యశ్రీ కాగితాలు ఒక సంచిలో పెట్టించారు. క్యాన్సర్ అని తేలితే హైదరాబాదులో ఎం.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రి ఉందని, కాగితాలు సిద్ధంగా ఉంటే తిరుగుడు తగ్గుతుందని డాక్టరు చెప్పారు.

ఇంకొక పని కూడా చేశారు. అదే నన్ను ఎక్కువ కదిలించింది. కట్టు విప్పి, పుండు చూపిస్తూ బస్తీలో మగవాళ్ళందరినీ "మీ మచ్చలు చూపించండి" అంటున్నారు. ఆరు వారాలైనా మానని పుండు, అంచు లేచిన మచ్చ, పెరుగుతున్న నల్ల మరక, గోరు కింద నల్లటి చార, ఊరికే రక్తం వచ్చే చోటు ఉంటే డాక్టరుకి చూపించమంటున్నారు. ఇప్పటికి ఇద్దరు వెళ్ళారు. తన సంగతి తేలకముందే తనకు తెలిసింది పంచుతున్నారు. వండ్ ఛక్నా అంటే రొట్టె పంచడమే అనుకునేవాణ్ణి.

భయం పోయిందా? పోలేదు. రాత్రుళ్ళు లేచి కూర్చుంటున్నారని చాచీ జీ చెప్పారు. చడ్దీ కలా అంటే భయం లేకపోవడమని ఎవరన్నారు? భయం పక్కనే కూర్చుని ఉండగా చేతిలో పని ఆగకపోవడమే అది అని ఇప్పుడు అనిపిస్తోంది. చాచీ జీ కూడా లేచి పక్కన కూర్చుంటారు. ఇద్దరూ మెల్లగా సిమరన్ చేసుకుంటారు. తెలియని రోజుల్లో మనిషిని ఒంటరిగా వదలకపోవడం ఇంటివాళ్ళు చేయగలిగిన పెద్ద సేవ. ధైర్యం చెప్పక్కర్లేదు. "ఏం కాదులే" అనక్కర్లేదు. పక్కన కూర్చుంటే చాలు.

ఇది రాస్తున్న రోజుకి రెండో రిపోర్టు రాలేదు. వచ్చేదాకా ఆగి రాయమని కొందరు అన్నారు. ఆగకూడదనుకున్నాను. మంచిగా వస్తే అర్దాస్ ఫలించిందని రాస్తాను, చదివినవాళ్ళు రిపోర్టునే గుర్తు పెట్టుకుంటారు. చెడ్డగా వస్తే ఓదార్పు రాస్తాను. ఈ రెంటికీ మధ్య నిలబడిన మనిషి మాట ఎవరూ రాయరు. మీలో ఎవరైనా ఇవాళ అక్కడే నిలబడి ఉండొచ్చు, అలమారలో మడిచి పెట్టిన ఆసుపత్రి చీటీతో.

మీకు నా విన్నపం ఇది. చీటీ బయటికి తీయండి. చూపించాల్సిన మచ్చ చూపించండి. ఇంట్లో పెద్దవాళ్ళకి కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదివి వినిపించండి. తెలియనిదాన్ని తెలియదనే చెప్పండి. ఆ తరువాత కొలిమి దగ్గరికో, కుట్టు మిషన్ దగ్గరికో, మీ పని దగ్గరికి వెళ్ళి కూర్చోండి. సిక్లిగర్ అన్న పేరు ఆయుధానికి మెరుగు పెట్టే పని నుంచి వచ్చింది. తుప్పుని గీకి లోపలి ఇనుముని బయటపెట్టడమే ఆ పని. మెరుగు పెట్టేవాడు ఇనుము ఎలా ఉందో చూడటానికి భయపడకూడదు.

భూల్ చూక్ మాఫ్.

వాహెగురూ జీ కా ఖాల్సా, వాహెగురూ జీ కీ ఫతెహ్!